దబ్బణం పట్టిన చేతికి సన్నసూది

ఈ వారం ఉత్తరం కడప నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నాడు.

"అక్కా, నేను పసుపు యార్డులో హమాలీ పని చేస్తాను. నా భార్య కువైట్‌లో ఉంది, రావడానికి ఇంకా 14 నెలలు పడతాది. మా అబ్బోడు ఆరో తరగతి. బడిలో స్కౌట్స్‌లో చేరినాడు. ఇంకో 10 దినాల్లో క్యాంపు, అంగీకి 5 బ్యాడ్జీలు కుట్టుకొని రావాలంట. దర్జీ దగ్గరికి పోతే జేబు మీద పని ఇప్పుడు కుదరదన్నాడు. నేనే కూర్చున్నా. మొదటిరోజు కుట్టింది కుట్టినట్టే ముడతలు పడింది. విప్పి మళ్ళీ కుడితే జేబు మూసుకపోయింది, చెయ్యి దూరలేదు. మూడోరోజు వెంటనే అతుక్కునే గమ్ము పూసినా. బట్ట అట్టలాగా గట్టిపడింది, నా వేలు చురుక్కుమని కాలింది. అంగీ మీద నా వేళ్ళ పసుపు మరకలు, సబ్బు పెడితే ఎర్రగా తిరిగినాయి. గుండు పిన్నులు పెట్టి పంపితే ఒకటి వాని ఎదకు గుచ్చుకుంది. 'అమ్మ వచ్చినాక కుట్టించుకుందాంలే నాయనా' అన్నాడు. ఆ మాట కాడ్నుంచి నాకు అన్నం సయించలేదు. పక్కింటాయనేమో ఆడోళ్ళ పని నీకెందుకు అంటాడు. నాకు చూపు కూడా తగ్గినట్టుంది, సూదిబెజ్జం కనపడదు, 44 ఏళ్ళు. రోజూ ఎన్నో గోతాలు కుట్టేవాణ్ణి, ఈ గుడ్డముక్క నాకెందుకు లొంగలేదక్కా?"

తమ్ముడూ, అక్కా అని పిలిచినావు కాబట్టి నువ్వు అనే రాస్తా.

నీ ఆఖరి ప్రశ్న దగ్గర నేను చానాసేపు ఆగిపోయినా. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. నీకు కుట్టడం రాక కాదు. గోతం కుట్టడం నీకు బాగా వచ్చు కాబట్టే బ్యాడ్జి ముడతలు పడింది.

గోతం మూతి కుట్టేటప్పుడు నీ చెయ్యి ఏం చేస్తాదో ఒకసారి గమనించు. దబ్బణం దూర్చి, పురికొస లాగి, మళ్ళీ ఇంకోసారి బిగబట్టి లాగుతావు. లోపల పసుపు కొమ్ములు బయటికి తోస్తా ఉంటాయి. వదులుగా కుడితే లారీ ఎక్కేలోపల మూతి విచ్చుకుంటాది. ఆ కుట్టుకు బిగువే ప్రాణం. బ్యాడ్జిని ఎవరూ లోపల్నుంచి తోయరు. అది ఏ బరువూ మోయదు. చొక్కా మీద కదలకుండా పడి ఉంటే చాలు. ప్రతి కుట్టుకూ నువ్వు దారాన్ని గోతం లెక్కన లాగితే, ఆ పల్చని బట్ట తట్టుకోలేక బ్యాడ్జి కిందికి ముడుచుకుంటాది. దారం బ్యాడ్జి అంచుకు ఆనాల, కరవకూడదు. నీ వేళ్ళకు ఈ ఒక్క తేడా తెలిసిందంటే మిగతా పని ఏమంత పెద్దది కాదు.

ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లల బట్టలు కుట్టినదాన్ని, అందుకే ఇంత ధైర్యంగా చెప్తా ఉన్నా. నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తా, నీకు పనికొస్తాది. ఒక సంవత్సరం జూన్‌లో ఒక బడి వాళ్ళు 40 నూలు చొక్కాలకు జేబు మీద బ్యాడ్జీలు కుట్టమన్నారు. కొత్త చొక్కాలు, తళతళా ఉన్నాయి, తడపకుండానే కుట్టిచ్చినా. మొదటి ఉతుకు అయినాక తల్లులు ఒక్కొక్కరే చొక్కాలు పట్టుకొని వచ్చినారు. బట్ట కుంచించుకపోయింది, బ్యాడ్జి మాత్రం అట్లనే ఉంది. ప్రతి బ్యాడ్జి చుట్టూ జేబు అప్పడం లెక్కన ఉబ్బింది. నలభైకి నలభై విప్పి మళ్ళీ కుట్టినా, నాలుగు రాత్రులు పట్టింది. నీ కొడుకు చొక్కాలో నూలు ఎంత ఉందో నాకు తెలీదు. ఎంతున్నా సరే, సూది పట్టకముందే ఒకసారి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. నువ్వు ఎటూ మరకలు పోగొట్టాల కాబట్టి ఈ పని కూడా అందులోనే అయిపోతాది.

మరకల సంగతి ముందు చూద్దాం. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడతాది. పసుపులో ఉండే కుర్కుమిన్ అనే రంగుకు క్షారం తగిలితే జరిగే పని అది. చొక్కా చెడిపోలేదు, భయపడొద్దు. సబ్బు జిడ్డంతా పోయేదాకా మంచినీళ్ళలో జాడించు. కొంచెం నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచితే ఎరుపు తిరిగి పసుపు అవుతాది. ఆ తడి మీదనే మరక ఉన్నచోటు ఎండకు తగిలేటట్టు ఆరెయ్యి. కుర్కుమిన్ ఎండకు నిలవదు, మన కడప ఎండకైతే అసలు నిలవదు. రెండు మూడు రోజులు, పూటకు రెండు గంటలు చాలు. పొద్దస్తమానం పెడితే చొక్కా బూడిద రంగు కూడా వెలుస్తాది. ఇకమీదట సూది పట్టేముందు చేతులు కడుక్కొని, గోళ్ళ సందుల్లో కూడా చూసుకో. యార్డులో పనిచేసే మనిషికి పసుపు యాడ దాక్కుంటాదో నీకు నేను చెప్పాల్సిన పనిలేదు.

గమ్ము మాత్రం ఇంకెప్పుడూ బట్ట దగ్గరికి తీసుకపోవద్దు. దాంట్లో ఉండేది సయనోయాక్రిలేట్ అనే పదార్థం. నూలు తగిలితే అది చానా తొందరగా గడ్డకడతాది, గడ్డకట్టేటప్పుడు వేడి పుడతాది. ఎక్కువ పడితే చర్మం బొబ్బలెక్కేంత వేడి. నీ వేలు కాలింది అందుకే. పిల్లోని ఒంటి మీద చొక్కా ఉండగా పూయలేదు, అంతవరకు మేలు. గట్టిపడిన చోట సూది దిగదు, బలవంతంగా దించితే విరుగుతాది. గోళ్ళరంగు తీసే ద్రవం ఉంటాది కదా, అసిటోన్ ఉండే రకం, అది దూదికి అద్ది మెల్లగా ఒత్తితే గమ్ము మెత్తబడతాది. ముందు చొక్కా లోపలి మడతలో, ఎవరికీ కనపడని చోట ఒక చుక్క వేసి రంగు పోతుందేమో చూసుకో. పొయ్యి దగ్గర వద్దు, భగ్గున అంటుకుంటాది. అప్పటికీ ఆ బ్యాడ్జి పనికిరాకుండా పోతే బడిలో స్కౌట్ సార్‌ను అడిగి ఇంకొకటి తీసుకో. దానికి సిగ్గుపడొద్దు.

ఆ దర్జీ మీద కోపం పెట్టుకోవద్దు. కుట్టిన జేబు మీద మిషనుతో బ్యాడ్జి వేయాలంటే ముందు జేబు విప్పాల, బ్యాడ్జి కుట్టాల, మళ్ళీ జేబును వాని చోట కుట్టాల. అట్ల చేయకపోతే మిషను సూది జేబును, చొక్కాను కలిపి కుట్టేస్తాది, నీకు జరిగినట్టే. ఒక చిన్న బ్యాడ్జికి అంత పని ఎవరికైనా బరువే. నన్నడిగితే ఈ పనికి మిషను కంటే చేతికుట్టే మేలు. ఎందుకంటే ఈ బ్యాడ్జీలు శాశ్వతంగా ఉండేవి కావు. వాడు ఇప్పుడు ప్రథమ సోపాన్‌లో ఉంటే రేపు ద్వితీయ, తర్వాత తృతీయ, ఆపైన రాజ్య పురస్కార్. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా పాత బ్యాడ్జి తీసి కొత్తది పెట్టాల. మధ్యలో వాడు ఒక జాన పెరుగుతాడు, చొక్కా మారుతాది. సంవత్సరం నిలిచి, విప్పాలనుకున్న రోజు రెండు నిమిషాల్లో వచ్చేసే కుట్టు కావాల. అది చేతికుట్టే.

ఇంక సామాను. వై.వి. స్ట్రీట్‌లో కుట్టుసామాను అమ్మే ఏ అంగడికైనా పో. చేతిసూదుల ప్యాకెట్ ఇమ్మను. చేతిసూదికి నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడతాది, మిషను సూదికి నంబరు పెరిగేకొద్దీ లావవుతాది. తెలీక చానామంది తారుమారు చేసుకుంటారు. నీకు ఏడో నంబరు, ఎనిమిదో నంబరు సరిపోతాది, మరీ సన్నంది వద్దు. బ్యాడ్జి అంచు చుట్టూ దారంతో లావుగా గట్టు పోసి ఉంటాది చూడు, ఆ గట్టు రంగుకు కలిసే పాలిస్టర్ దారం కొను. చొక్కా రంగు దారం కొంటే ప్రతి కుట్టూ చుక్కలాగా కనపడతాది. అంగుస్తానా కూడా ఒకటి తీసుకో, అదే నడిమేలికి తొడుక్కునే రేకు టోపీ. దబ్బణాన్ని నువ్వు అరచేత్తో నెడతావు. సన్నసూదిని వేలికొసతో నెట్టాల, గట్టు మందంగా ఉన్నచోట సూది వెనకభాగం వేల్లోకి దిగుతాది. నీ చేతికి కాయలు కాసి ఉంటాయి గానీ వేలికొసకు కాదు కదా.

చూపు గురించి రాసినావు. నలభై దాటినాక దగ్గరివి మసకబారడం అందరికీ వచ్చేదే. ఒకసారి కళ్ళు చూపించుకొని దగ్గరచూపు అద్దాలు పెట్టించుకో, యార్డులో చీటీలు చదవడానికి కూడా పనికొస్తాయి. అంతవరకు సూదికి దారం ఎక్కించే పని నీ కొడుక్కు అప్పగించు. దారం కొసను కొత్త బ్లేడుతో ఏటవాలుగా కొయ్యమను, పళ్ళతో కొరికితే కొస పీచు లేస్తాది. సూది వెనక తెల్లకాగితం పెడితే బెజ్జం వెలుగుతాది. రాత్రి బల్బు కింద కూర్చోవద్దు. యార్డుకు పోకముందు వాకిట్లో పొద్దుటి వెలుగులో అరగంట కూర్చో. రోజుకు ఒక బ్యాడ్జి చాలు. మరకలు, గమ్ము పోవడానికి మూడు నాలుగు రోజులు, 5 బ్యాడ్జీలకు 5 రోజులు. నీకు సరిగ్గా సరిపోతాది.

దారం మూరెడు తీసుకో, మోచేతి నుంచి వేలికొస దాకా. అంతకంటే పొడుగు తీస్తే చిక్కు పడతాది, గోతానికి తీసినట్టు బారలు బారలు తీయొద్దు. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే దారానికి మైనం పట్టి నున్నగా జారుతాది. ఒంటిపోగే వాడు. నువ్వు రెండు పోగులు కలిపి ముడేసి ఉంటావు, అదొక కారణం అది మెలిపడడానికి. ఒకవైపు మాత్రమే ముడి వెయ్యి, రెండోవైపు సూదిలో వదులుగా వేలాడనీ.

ఇప్పుడు చోటు. ఈ పని చొక్కాను మంచం మీద పరిచి చేయొద్దు. పరిచిన చొక్కాలో ఎడమ కుడి తారుమారు అవుతాయి. వాణ్ణి నిలబెట్టి, చొక్కా తొడిగి, గుండీలు పెట్టి చూడు. స్కౌట్లకు సభ్యత్వపు బ్యాడ్జి, పచ్చటి నేల మీద పసుపు గుర్తు ఉండేది, వాని ఎడమ జేబు నడుమ వస్తాది. ప్రపంచ స్కౌట్ బ్యాడ్జి, ఊదారంగుది, కుడిజేబు నడుమ. సోపాన్ బ్యాడ్జి ఎడమ చేతి మీద, భుజానికి మోచేతికి మధ్యలో. భుజం బ్యాడ్జీలు రెండు, రెండు భుజాల కుట్టు కింద. ముందు ముందు వానికి ప్రావీణ్యం బ్యాడ్జీలు వస్తే అవి కుడి చేతికి వస్తాయి. అయినా స్కౌట్ సార్‌ను ఒకసారి అడుగు, లేదా ముందే చేరిన పిల్లోని చొక్కా చూసి రమ్మను. జేబుకు మూత ఉంటే మూత గుండీ పెట్టినాకే నడుమ ఎంతో చూడు. మూత ఎత్తి కొలిస్తే, దించినాక బ్యాడ్జి నెత్తి దాని కింద దూరుతాది. గుర్తు పెట్టడానికి పెన్ను వద్దు. అరిగిపోయిన సబ్బుబిళ్ళ అంచు పదునుగా ఉంటాది, దాంతో గీయి. పాతకాలపు దర్జీలందరం అదే వాడినాం, ఒక్క ఉతుకుకు పోతాది.

జేబు మీద బ్యాడ్జికి నేను చెప్పేది కొంచెం నిదానంగా చదువు, నువ్వు చిక్కుకున్నది ఈడనే.

ఇంట్లో పాత శుభలేఖ ఏదో ఒకటి ఉంటాది. దాని అట్టను జేబు వెడల్పుకు కత్తిరించి జేబులోకి దూర్చు. ఇప్పుడు బ్యాడ్జి కింద జేబు బట్ట, దాని కింద అట్ట, దాని కింద చొక్కా. సూది జేబు బట్టను దాటి లోతుకు పోయిందంటే మొన అట్టకు తగిలి గరగరమంటాది, వేలికి తెలుస్తాది. అప్పుడు వెనక్కి లాగి మళ్ళీ పైపైనే పట్టు. రెండు మూడు కుట్లు వేసినాక నీకు అట్ట గుర్తుకే రాదు, చెయ్యే లోతు చూసుకుంటాది. జేబులో చేతివేళ్ళు పెట్టి కూడా కుడతారు కొందరు. నీకు కొత్త కాబట్టి అట్ట మేలు, సూది వేలికి తగలదు.

బ్యాడ్జిని పెట్టాల్సిన చోట పెట్టి, గడియారం అనుకో. పన్నెండు కాడ ఒక టాకా (జరగకుండా తాత్కాలికంగా వేసే కుట్టు), ఆరు కాడ ఒక టాకా, మూడు కాడ, తొమ్మిది కాడ. వేరే రంగు దారంతో వదులుగా వెయ్యి, తర్వాత తీసేస్తాం. ఎప్పుడూ ఎదురెదురు వేయాల, పక్కపక్కన వేస్తే బ్యాడ్జి ఒకవైపుకు జరుగుతాది. ఇది అయినాక వాణ్ణి మళ్ళీ తొడుక్కోమను, నాలుగు అడుగులు దూరంగా నిలబడి చూడు. వంకర ఉంటే ఇప్పుడే తెలుస్తాది, నాలుగు దారాలు తెంపితే సరిపోతాది. నువ్వు మొదటిరోజు ఈ మెట్టు దాటేసి ఉంటావని నా అనుమానం.

ఇప్పుడు అసలు కుట్టు. చీరకు ఫాల్ వేసే హెమ్మింగే ఇది, మీ ఇంట్లో చీరల వెనక చూడు, కనపడతాది. సూదిని బ్యాడ్జి అడుగు నుంచి గట్టు గుండా పైకి తీయి, ముడి బ్యాడ్జికీ జేబుకూ మధ్యలో దాక్కుంటాది. గట్టును ఆనుకొని పక్కనే జేబు బట్టలోకి సూది దించు. బట్టలో రెండు మూడు పోగులు పట్టుకొని, సగం బియ్యపుగింజ దూరంలో మళ్ళీ గట్టులోంచి పైకి తీయి. దారం పూర్తిగా వచ్చేదాకా లాగి, గట్టుకు ఆనగానే ఆగు. ఈ ఆగడమే నీకు కష్టమవుతాది, చెయ్యి ఇంకొంచెం లాగమంటాది. లాగొద్దు. నాలుగు కుట్లకు ఒకసారి అరచేత్తో బట్టను నిమురు, ముడుచుకోకుండా పరుచుకుందా లేదా తెలుస్తాది. చొక్కాను చేతుల్లో పైకెత్తి పట్టుకోకుండా పీట మీదో, తొడ మీద ఒక పలక పెట్టుకొనో కుట్టు. చుట్టు తిరిగి మొదటికొచ్చినాక ఒకేచోట రెండు చిన్న కుట్లు వేసి, ఆ ఉచ్చులోంచి సూది తీసి ముడి పడనీ. సూదిని బ్యాడ్జి కిందినుంచి అంగుళం దూరం పోనిచ్చి బయటికి తీసి దారం కొయ్యి. కొస లోపలే ఉండిపోతాది, పీకినా రాదు.

చేతి మీద బ్యాడ్జికి అట్టకు బదులు స్టీలు గ్లాసు. చొక్కా చేతిలోకి గ్లాసు దూర్చితే బట్ట గుండ్రంగా, బిర్రుగా నిలబడతాది, రెండోవైపు కలిసి కుట్టుకపోయే భయం ఉండదు. ఇస్త్రీ మడత గీత చేతి నడుమ పైనుంచి కిందికి ఉంటాది, బ్యాడ్జి నడుమను ఆ గీతకు కలుపు, కొలత పట్టే అగత్యం లేదు. భుజం బ్యాడ్జీలు వంపు తిరిగి ఉంటాయి, కొసనుంచి మొదలుపెట్టినావంటే రెండో కొస యాడికో పోతాది. వంపు నడుమ ఒక టాకా వేసి అటూ ఇటూ సర్దు. సరిగ్గా భుజం కుట్టు మీద పెట్టొద్దు, ఆడ బట్ట మూడు నాలుగు మడతలు ఉంటాది, నీ చేతికైనా సూది దిగదు. వెంట్రుకవాసి కిందికి దించు.

ఊదారంగు బ్యాడ్జి కుట్టే రోజు దాన్ని ముందు మీ వాని చేతికివ్వు. తెల్లగుర్తు చుట్టూ ఒక తాడు ఉంటాది, కింద ఆ తాడుకు ముడి ఉంటాది. అది రీఫ్ నాట్. స్కౌట్స్‌లో పిల్లలకు నేర్పే ముడుల్లో అదొకటి. వేసి చూపించమని అడుగు, నీ పురికొసతోనే వేయిస్తే ఇంకా మంచిది. నువ్వు యార్డులో వేసే ముళ్ళు వానికి చూపించు. వాని సార్‌కు తెలీని ముడి ఒకటన్నా నీ దగ్గర ఉంటాదని నా నమ్మకం. ఇంకొక పని, ఆ ఊదారంగు దిగుతుందేమో తడి తెల్లగుడ్డతో ఒత్తి చూసి కుట్టండి. దిగితే విడిగా ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరేసుకోండి, లేకపోతే తెల్లగుర్తు కూడా ఊదా అవుతాది.

"అమ్మ వచ్చినాక కుట్టించుకుందాంలే" అన్న మాటను నువ్వు నిష్ఠూరంగా తీసుకున్నావు. నాకట్ల అనిపించలేదు తమ్ముడూ. వాడు మూడు రాత్రులు నువ్వు దీపం కింద కూర్చోవడం చూసినాడు, నీ వేలు కాలడం చూసినాడు, తన ఎదకు పిన్ను గుచ్చుకున్నా ఆ మాటే అన్నాడు. పదకొండేళ్ళ పిల్లోడు నీ భారం దించాలని చూసినాడు. వాని మాట కాదని నువ్వొక్కనివే కుట్టి ఇవ్వొద్దు, పక్కన కూర్చోబెట్టుకో. ఎడమజేబు నువ్వు కుట్టు, కుడిజేబు వాణ్ణి కుట్టనీ. వంకరొస్తే విప్పండి. శుక్రవారం వాళ్ళమ్మ ఫోన్ చేస్తే, మనకు రాత్రి 8 అయితే ఆమెకు ఇంకా సాయంత్రం ఐదున్నరే, తీరుబడిగా ఉంటాది, చొక్కా తొడిగి చూపించు. జేబులో చెయ్యి పెట్టి చూపించమను.

పక్కింటాయన మాటకు కూడా రెండు ముక్కలు. కడపలో ఏ దర్జీల వీధికైనా పోయి మిషన్ల ముందు ఎవరు కూర్చున్నారో లెక్కపెట్టమను. మాధవరంలో గుంటమగ్గం మీద పట్టుచీర నేసేవాళ్ళలో మొగోళ్ళు ఎంతమందో చూసి రమ్మను. జాకెట్లకు మగ్గం పని చేసే పిల్లోళ్ళు చానామంది మొగపిల్లలే. కూలి వచ్చేచోట మొగోని చేతిలో ఉన్న సూది, ఇంట్లోకి రాగానే ఆడదాని పని ఎట్ల అయితాది? నాకు ఈ మాట మీద చానా రోజులుగా కోపముంది, అందుకే రాస్తా ఉన్నా. నీ భార్య ఎవరి ఇంట్లోనో ఎవరి బిడ్డల పనో చేసి డబ్బు పంపుతా ఉంది. నువ్వు నీ బిడ్డ జేబు కుడతా ఉన్నావు. ఇందులో తలదించుకునేది ఏమీ లేదు.

పిన్నుల విషయం మాత్రం గట్టిగా చెప్తా. ఒంటి మీద వేసుకునే చొక్కాకు గుండు పిన్నులు పెట్టి ఇంకెప్పుడూ పంపొద్దు. ఆటల్లో ఇంకొకరు గుద్దుకుంటే అది కంటి దాకా పోగలదు. కుట్టేటప్పుడు పిన్నులు వాడితే ఎన్ని పెట్టినావో లెక్కపెట్టి, అన్నీ తిరిగి డబ్బాలో వేసినాకే లెయ్. సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా వెతుకు. వాని ఎదకు గుచ్చుకున్నచోట ఎర్రగా వాచినా, నొప్పి ఉన్నా డాక్టరుకు చూపించు. పదేళ్ళకు వేసే టీడీ టీకా, అదే ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసేది, వేయించినావో లేదో గుర్తు లేకుంటే పక్కన ఆరోగ్య కేంద్రంలో అడుగు.

క్యాంపు అయినాక కూడా ఆ చొక్కా పనిపడతానే ఉంటాది. నవంబరు 7 వస్తాది, 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడిన దినం, ఆ రోజు కూడా చొక్కా నీటుగా ఉండాల. ఉతికేటప్పుడు తిరగేసి ఉతుకు, బ్యాడ్జి మీద బ్రష్ వేయొద్దు. బోరునీళ్ళయితే ఆఖరి జాడింపు మంచినీళ్ళలో చెయ్యి, లేకుంటే ఉప్పు పేరుకొని బ్యాడ్జి రంగు బూజు పట్టినట్టు కనపడతాది. ఇస్త్రీ కూడా వెనకనుంచే, కింద మందంగా తువ్వాలు పరుచుకొని. ముందువైపు పెట్టె నొక్కితే దారపు పని అణిగిపోయి ఆ మెరుపు మళ్ళీ రాదు.

ద్వితీయ సోపాన్ వచ్చిన రోజు పాతది తీయడానికి బ్లేడుతో ముందువైపు కోయొద్దు. బ్యాడ్జి అంచును గోటితో కొంచెం పైకెత్తితే కింద దారాలు వరసగా కనపడతాయి, ప్రతి మూడో కుట్టు తెంపితే మిగతావి వాటంతటవే వదులైతాయి. బట్టలో మిగిలిన సూదిబెజ్జాలను వేలిగోరుతో అటూ ఇటూ గీకి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే మూసుకపోతాయి. ఇప్పుడు కొన్న దారాల్లో మిగిలింది పారేయొద్దు. ఆ శుభలేఖ అట్టకే చుట్టి, సూది కూడా దానికే గుచ్చి, వాని స్కౌట్ పుస్తకంలో పెట్టు. క్యాంపులో ఎవరి గుండీ ఊడినా పనికొస్తాది.